బల్ల మీది పుట్టినరోజులు

విజయవాడ సత్యనారాయణపురంలో మేము ఉన్న రోజుల్లో, మా ఇంటి నుంచి నడిచి వెళ్ళేంత దూరంలో జిల్లా గ్రంథాలయ సంస్థ వారి శాఖా గ్రంథాలయం ఒకటి ఉండేది. ఉన్నవి రెండు గదులే. ముందు గదిలో దినపత్రికలు పరిచిన పొడవాటి బల్లలు, వాటి చుట్టూ పొద్దున్నే వచ్చి కూర్చునే విశ్రాంత ఉద్యోగులు. లోపలి గదిలో ఇనుప బీరువాలు, కొయ్య అరలు, నేల మీద కూర్చొని చందమామలు చదువుకునే పిల్లలు. ఉదయం ఎనిమిది నుంచి పదకొండు వరకు, మళ్ళీ సాయంత్రం నాలుగు నుంచి ఏడు వరకు తెరిచి ఉండేది. శుక్రవారం సెలవు. ఆ రెండు గదులకూ మధ్య, గుమ్మం పక్కన, ఒక చిన్న బల్ల, దాని వెనుక గోడకు ఒక నల్లబల్ల ఉండేవి. నేను ఈ రోజు రాయదలచుకున్నది ఆ చిన్న బల్లను గురించే.

మా గ్రంథాలయాధికారిని అందరం మాస్టారు అనేవాళ్ళం. ఆయన ఏ బడిలోనూ పాఠం చెప్పలేదు కానీ, ఆయనను మరో పేరుతో పిలవాలని ఎవరికీ తోచేది కాదు. గాయకులు, నటులు, నర్తకులు, హరిదాసులు, వాద్య విద్వాంసులు, వీరిలో ఎవరి పుట్టినరోజు వచ్చినా ఆయన ముందురోజు సాయంత్రమే నల్లబల్ల మీద గుండ్రని అక్షరాలతో ఆ పేరు, పుట్టిన తేదీ, ఊరు రాసి, చిన్న బల్ల మీద నాలుగైదు పుస్తకాలు నిలబెట్టేవారు. రాజకీయ నాయకుల జయంతులకు ఎలాగూ పైనుంచి ఉత్తర్వులు వస్తాయి, పటాలకు దండలు పడతాయి. కళాకారుల జయంతులకు మాత్రం ఎవరూ చెప్పరు కనుక తానే చెయ్యాలని ఆయన అనుకునేవారు. దండ వేసే అలవాటు ఆయనకు లేదు. పుట్టినరోజున ఒక మనిషికి ఇవ్వదగిన మర్యాద ఆ మనిషిని గురించి ఒక పుస్తకం చదవడమేనని ఆయన నమ్మకం.

ఆయన పుస్తకాలను ఎంచే పద్ధతి నాకు చాలా కాలం తరువాత గానీ పూర్తిగా అర్థం కాలేదు. ఆ కళాకారుడు స్వయంగా రాసినది ఉంటే ముందు దానిని పెట్టేవారు. తరువాత ఆయనను గురించి ఇతరులు రాసినది. వీటికంటే ముఖ్యంగా, ఆ కళాకారుడి గొంతులోంచో నటనలోంచో మనకు అందిన సాహిత్యం అసలు ఎక్కడ పుట్టిందో ఆ పుస్తకాన్ని వెతికి తీసేవారు. గ్రంథాలయంలో ఇవన్నీ ఒకచోట దొరకవు. పుస్తకాలకు విషయాన్ని బట్టి అంకెలు వేసే డ్యూయీ దశాంశ వర్గీకరణ ప్రకారం జీవిత చరిత్రలు 920లో, సంగీతం 780లో, సినిమా 791లో, నాటకరంగం 792లో, కావ్యాలూ నాటకాలూ 800లలో వేరువేరు బీరువాల్లో ఉంటాయి. ఒక గాయకుడిని ఇష్టపడి లోపలికి వచ్చిన పిల్లవాడు ఆ సంఖ్యల మధ్య దారి తప్పుతాడు. పుట్టినరోజు అనే ఒక్క సాకుతో మాస్టారు ఆ బీరువాలన్నిటినీ ఒక బల్ల మీదికి రప్పించేవారు.

మాకు ఆ బల్ల బాగా పరిచయమైనది జూలై నెలలోనే. బడులు తెరిచి కొత్త పుస్తకాలకు అట్టలు వేసుకోవడం పూర్తయ్యే సమయానికి, పది రోజుల్లో నలుగురి పుట్టినరోజులు వచ్చి పడతాయి. 3వ తేదీ ఎస్.వి. రంగారావు, 6న మంగళంపల్లి బాలమురళీకృష్ణ, 7న మిక్కిలినేని రాధాకృష్ణమూర్తి, 9న గుమ్మడి వెంకటేశ్వరరావు. రంగారావు గారు 1918లో మన నూజివీడులో పుట్టారనీ, సినిమాలకు రాకముందు అగ్నిమాపక శాఖలో ఉద్యోగం చేశారనీ, రంగస్థలం మీద షేక్స్‌పియర్ పాత్రలు ధరించారనీ ఆ నల్లబల్ల మీదనే మొదట చదివాను. ఆ రోజు బల్ల మీద షేక్స్‌పియర్ నాటకాల తెలుగు అనువాదాలు ఉండేవి. కీచకుడిగానూ ఘటోత్కచుడిగానూ చూసిన ఆ మనిషి ‘మర్చంట్ ఆఫ్ వెనిస్’ నాటకంలోని షైలాక్ మాటలు ఎలా పలికి ఉంటాడో ఊహించుకుంటూ నేను ఆ నాటకాన్ని చదివాను. నర్తనశాలలోని నటనకు ఆయనకు జకార్తా చలనచిత్రోత్సవంలో ఉత్తమ నటుడి బహుమతి వచ్చిందన్న సంగతి అందరికీ తెలుసు. ఆయన పత్రికలకు కథలు రాశారన్న సంగతి మాత్రం మాస్టారి లాంటివాళ్ళు చెబితే తెలియవలసిందే.

బాలమురళి గారి పుట్టినరోజు మా పేటలో దాదాపు సొంత పండుగ. ఆయన 1930లో గోదావరి జిల్లా శంకరగుప్తంలో పుట్టినా పెరిగింది, పాట నేర్చింది, తొలిసారి వేదిక ఎక్కింది విజయవాడలోనే. గురువు పారుపల్లి రామకృష్ణయ్య పంతులు గారు త్యాగరాజస్వామి శిష్యపరంపరకు చెందినవారు. త్యాగరాజు దగ్గర మానంబుచావడి వెంకటసుబ్బయ్య, ఆయన దగ్గర సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రి, ఆయన దగ్గర పారుపల్లి వారు, ఆయన దగ్గర ఈ బాలుడు. ఎనిమిదేళ్ళ వయసులో త్యాగరాజ ఆరాధనోత్సవంలో పాడిన ఆ పిల్లవాడి పేరుకు ముందు ‘బాల’ అనే మాటను చేర్చినది ముసునూరి సూర్యనారాయణమూర్తి భాగవతార్ అనే హరికథా విద్వాంసుడు. ఈ వరుసనంతా మాస్టారు నల్లబల్ల మీద పై నుంచి కిందికి రాసి, చివరన బాలమురళి పేరు కింద ఒక గీత గీసి వదిలేశారు. ఆ గీత కింద ఇంకా పేర్లు వస్తాయని ఆయన చెప్పకుండానే అర్థమైంది.

ఆ రోజు బల్ల మీద నిలబెట్టిన పుస్తకాల్లో రెండు నా మీద గట్టి ముద్ర వేశాయి. ఒకటి బాలాంత్రపు రజనీకాంతరావు గారి ఆంధ్ర వాగ్గేయకార చరిత్రము. 1961లో కేంద్ర సాహిత్య అకాడెమీ పురస్కారం పొందిన గ్రంథం. విజయవాడ ఆకాశవాణి కేంద్రంలో పనిచేసిన పెద్దాయన రాసినది కనుక మా ఇంట్లో ఆ పేరు అప్పటికే పరిచితం. అన్నమయ్య, క్షేత్రయ్య, రామదాసు, త్యాగయ్య అని విడివిడిగా విన్న పేర్లన్నీ ఒకే దారి మీద వెనకా ముందుగా నడిచిన మనుషులని ఆ పుస్తకం చదివాక తెలిసింది. రెండవది బాలమురళి గారు మిగతా రాగాలకు మూలమైన డెబ్బైరెండు మేళకర్త రాగాలలోనూ కూర్చిన జనకరాగ కృతిమంజరి. 1952లో, అంటే ఆయనకు ఇరవై రెండేళ్ళు వచ్చేసరికే అది అచ్చయింది.

స్వరాలు చదవడం రాని నాకు ఆ కృతిమంజరి ఏం ఉపయోగమని అడిగాను. మాస్టారు ఒక చిత్తు కాగితం తీసుకొని కటపయాది సంఖ్య నేర్పారు. ‘క’ మొదలు అక్షరాలకు అంకెలు ఉంటాయి, రాగం పేరులోని మొదటి రెండు అక్షరాల అంకెలను తిరగవేస్తే ఆ రాగం ఎన్నవ మేళకర్తో తెలుస్తుంది. మాయామాళవగౌళలో ‘మా’ అంటే అయిదు, ‘యా’ అంటే ఒకటి, తిరగవేస్తే పదిహేను. ధీరశంకరాభరణంలో ‘ధీ’ తొమ్మిది, ‘ర’ రెండు. తిరగవేస్తే ఇరవై తొమ్మిది. మేచకల్యాణి అరవై అయిదు. ‘మ’ స్వరం రెండు రకాలనీ, మొదటి ముప్పై ఆరు రాగాలలో శుద్ధ మధ్యమం, మిగిలిన ముప్పై ఆరింటిలో ప్రతి మధ్యమం ఉంటాయనీ చెప్పి, “పేరులోనే చిరునామా ఉన్నదమ్మా, ఇక ఇంటికి వెళ్ళడమే తరువాయి” అన్నారు. ఆ సాయంత్రమంతా నేను రాగాల పేర్లను అంకెలుగా మారుస్తూ కూర్చున్నాను. తరువాత సంగీతం నేర్చుకునే అవకాశం నాకు కలగలేదు గానీ, ఈనాటికీ కచేరీకి వెళితే ముందుగా రాగం పేరు వినగానే నా మనసు ఆ లెక్క చేసుకుంటుంది.

మిక్కిలినేని గారి పుస్తకాలు ఆ మరునాడే బల్ల మీదికి వచ్చేవి. తెరమీద చిన్న పాత్రల్లో కనిపించే ఆ నటుడు తెలుగు రంగస్థల నటుల జీవితాలను ఊరూరా తిరిగి సేకరించి నటరత్నాలు అనే గ్రంథంగా కూర్చారు. జానపద కళారూపాల మీద మరో పెద్ద గ్రంథం రాశారు. తోలుబొమ్మలాట, వీధిభాగవతం, యక్షగానం, పగటివేషాలు, చెంచునాటకం, గొల్లకలాపం, అన్నిటికీ అందులో చోటు దొరికింది. మాస్టారి నల్లబల్లకు సగం సమాచారం నటరత్నాల నుంచే వచ్చేదని నా అభిప్రాయం. ఆ పుస్తకం ఎప్పుడూ బీరువాలోకి చేరేది కాదు, ఆయన మేజా సొరుగులోనే ఉండేది. తన కీర్తిని పక్కన పెట్టి తోటి కళాకారుల పేర్లు నిలిపిన ఆ నటుడికి తెలుగువాళ్ళం తగినంత గౌరవం ఇవ్వలేదని నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది.

సెప్టెంబరు 23న స్థానం నరసింహారావు గారి పుట్టినరోజు. 1902లో బాపట్లలో పుట్టిన ఆ మహానటుడు స్త్రీ పాత్రలతోనే తెలుగు దేశాన్నంతా ఆకట్టుకున్నాడు. 1956లో పద్మశ్రీ అందుకున్నాడు. హరిశ్చంద్ర నాటకంలో చంద్రమతి పాత్రధారి రాకపోవడం వలన ఆ వేషం కట్టవలసి వచ్చి, ఆనాటి నుంచి స్త్రీ పాత్రలకు అంకితమయ్యాడు. ఆయన రాసుకున్న నటస్థానం అనే పుస్తకాన్ని ఆ రోజు మాస్టారు నా చేతికి ఇచ్చి, ఇంట్లో పెద్దవాళ్ళు ఎవరైనా ఉంటే వారికి చదివి వినిపించమన్నారు.

మా అమ్మమ్మది బాపట్ల దగ్గరి పల్లె. అప్పటికి ఆమె చూపు మందగించింది, రేడియో తప్ప వేరే కాలక్షేపం లేదు. నేను పుస్తకం పేరు చెప్పగానే ఆమె మంచం మీద లేచి కూర్చొని, స్థానం వారి సత్యభామను తాను చిన్నతనంలో చూశానని చెప్పడం మొదలుపెట్టింది. బండ్లు కట్టుకొని వెళ్ళడం, పెట్రోమాక్స్ దీపాల వెలుగు, తెల్లవారేదాకా కూర్చోవడం, ‘మీరజాలగలడా నాయానతి’ పాట వచ్చేసరికి వన్స్‌మోర్ అని కేకలు, పక్కన కూర్చున్న ఆడవాళ్ళు ఆ చీర కట్టును, ఆ జడ వేసుకున్న తీరును చూసి తామూ అలాగే కట్టుకోవాలని మాట్లాడుకోవడం, ఇవన్నీ చెప్పింది. ఆ పాటను ఆయన తానే రాసుకున్నాడని నేను పుస్తకం చూసి చెబితే ఆమె ఆశ్చర్యపోయింది. సినిమాలో సుశీలమ్మ గొంతులో విన్న ఆ పాట నాకు అంతవరకు సినిమా పాటే. దాని వేళ్ళు నాటకంలో ఉన్నాయని తెలిసిన తరువాత అది వేరే పాటగా వినిపించసాగింది. నేను రోజుకు కొన్ని పేజీలు చదివేదాన్ని, ఆమె మధ్యలో ఆపి తన మాట చెప్పేది. గడువు తేదీ దాటుతోందని చెబితే మాస్టారు రుసుము అడగకుండా ముద్ర వేసి తిరిగి ఇచ్చారు. అమ్మమ్మ చెబుతున్నవి కూడా ఒక నోటు పుస్తకంలో రాసుకోమని ఆయన అన్నారు. రాసుకున్నాను.

నాటకాల గురించి చెప్పుకుంటున్నాను కనుక జాషువా గారి మాట కూడా ఇక్కడే చెప్పాలి. మా వైపు పల్లెల్లో హరిశ్చంద్ర నాటకం అంటే కాటిసీను, కాటిసీను అంటే ‘ఇచ్చోటనే’ అని ఎత్తుకునే పద్యాలు. ఆ నాటకం రాసినది బలిజేపల్లి లక్ష్మీకాంత కవి. కానీ నటులు శ్మశానంలో పాడే ఆ పద్యాలు బలిజేపల్లి వారివి కావు. వినుకొండలో పుట్టిన గుర్రం జాషువా కవి రాసిన ఖండికలోనివి. నటులు వాటిని నాటకంలో కలుపుకొని పాడితే జనం అవి నాటకంలోనివే అనుకొని కంఠస్థం చేశారు. జాషువా జయంతి సెప్టెంబరు 28న వస్తుంది, స్థానం వారి పుట్టినరోజుకు అయిదు రోజుల తరువాత. కవి కనుక ఆయన పేరు మాస్టారి పట్టికలోకి రాకూడదు. అయినా ఆ వారమంతా బలిజేపల్లి వారి నాటకాన్నీ జాషువా ఖండకావ్యాలనూ పక్కపక్కన నిలబెట్టేవారు. అంటరానివాడని తోటి మనుషులు దూరంగా నిలబెట్టిన కవి పద్యాన్ని ఊరు ఊరంతా తల ఊపుతూ వినేదన్న సంగతి నాకు ఆ రెండు పుస్తకాల మధ్యనే తెలిసింది.

డిసెంబరులో వరుసగా మూడు రోజులు మాస్టారు పని మీదనే ఉండేవారు. 4న ఘంటసాల, 5న పారుపల్లి రామకృష్ణయ్య పంతులు, 6న సావిత్రి. ముగ్గురూ కృష్ణా గుంటూరు సీమల వారే. ఘంటసాల వెంకటేశ్వరరావు గారు 1922లో గుడివాడ దగ్గర చౌటపల్లిలో పుట్టారు. తండ్రి సూర్యనారాయణ గారు నారాయణతీర్థుల తరంగాలు పాడుతుంటే, పసివాడు దానికి నాట్యం చేసేవాడు. తరువాత విజయనగరం వెళ్ళి, మధుకరం చేసుకొని, అంటే ఇంటింటా అన్నం అడిగి తెచ్చుకొని తింటూ, పట్రాయని సీతారామశాస్త్రి గారి దగ్గర సంగీతం నేర్చుకున్నాడు. క్విట్ ఇండియా ఉద్యమంలో జైలుకు కూడా వెళ్ళాడు. ఘంటసాల అంటే సినిమా పాటల పుస్తకాలు పెడతారని ఎవరైనా అనుకుంటారు. మాస్టారు మాత్రం నారాయణతీర్థుల కృష్ణలీలా తరంగిణినీ, కరుణశ్రీ గారి ఉదయశ్రీనీ పెట్టేవారు.

ఉదయశ్రీని గురించి కాస్త చెప్పకుండా ఉండలేను. పుష్పవిలాపం, కుంతీకుమారి పద్యాలను ఘంటసాల గొంతులో వినని తెలుగు ఇల్లు ఆ రోజుల్లో ఉండేది కాదు. అవి రాసిన జంధ్యాల పాపయ్యశాస్త్రి గారు గుంటూరులోనే కళాశాలలో పాఠం చెబుతూ, ఆ ఊళ్ళోనే జీవించిన కవి. రేడియోలో విన్న పద్యం పుస్తకంలో అచ్చుగా కనిపించినప్పుడు చదివేవారి లోపల ఆ గొంతు కూడా మేలుకొంటుంది. నాకు పద్యం చదవడం అలా వచ్చింది. ఛందస్సు తెలియకముందే, ఎక్కడ ఆగాలో ఎక్కడ సాగదీయాలో ఘంటసాల గారు నేర్పిపెట్టారు. తొమ్మిదో తరగతి తెలుగు వాచకంలో ప్రబంధ పద్యాలు వచ్చినప్పుడు తోటి పిల్లలు భయపడుతుంటే నేను వాటిని గట్టిగా చదవగలిగాను. ఆ ధైర్యం ఏ గైడులోనుంచీ వచ్చినది కాదు.

5వ తేదీన పారుపల్లి వారికి ప్రత్యేకంగా పుస్తకం దొరకడం కష్టమయ్యేది. అప్పుడు మాస్టారు జూలైలో రాసిన గురుపరంపరనే మళ్ళీ రాసి, ఈసారి బాలమురళి నుంచి పైకి చదువుకొమ్మనేవారు. 6వ తేదీ మాత్రం ఆయనకు చిక్కు తెచ్చిపెట్టేది. గుంటూరు జిల్లా చిర్రావూరులో పుట్టి విజయవాడలో నాటకాలాడి మద్రాసు చేరిన సావిత్రి గారి పుట్టిన సంవత్సరాన్ని ఒక పుస్తకం ఒకలాగా, మరొక పత్రిక మరొకలాగా అచ్చు వేశాయి. ఆయన ఆ తేడాలన్నిటినీ ఒక కాగితం మీద రాసి, ఏది ఎక్కడి నుంచి తీసుకున్నారో పక్కన చూపించి, నల్లబల్ల మీద మాత్రం సంవత్సరం లేకుండా నెల, తేదీ మాత్రమే వేసేవారు. అచ్చులో ఉన్న ప్రతి మాటా నిజం కాదనీ, రెండు పుస్తకాలు పక్కన పెట్టి చూడాలనీ మాకు చెప్పడానికి ఆయనకు సావిత్రి గారి పుట్టినరోజే అవకాశమిచ్చింది.

భానుమతి గారి విషయంలో ఆయనకు పని చాలా సులువు. సెప్టెంబరు 7వ తేదీన బల్ల మీద అత్తగారి కథలు పెడితే చాలు, సాయంత్రానికి ప్రతులన్నీ ఇళ్ళకు వెళ్ళిపోయేవి. ఒంగోలు దగ్గర దొడ్డవరంలో పుట్టిన భానుమతీ రామకృష్ణ గారు నటి, గాయని, సంగీత దర్శకురాలు, స్టూడియో యజమానురాలు, 1953లోనే చండీరాణి చిత్రానికి దర్శకత్వం వహించిన మహిళ. వీటన్నిటి నడుమ అంత నిండుగా నవ్వించే కథలు రాశారు. ఆమె ఆత్మకథ నాలో నేను తరువాతి కాలంలో సినిమా గ్రంథాలలో ఉత్తమమైనదిగా జాతీయ పురస్కారం పొందింది. ఆడపిల్లలు గ్రంథాలయానికి వచ్చి లోపలి గదిలో కూర్చోవడం కొందరు పెద్దలకు అంతగా నచ్చని రోజులవి. భానుమతి గారి పుస్తకం చేతిలో పట్టుకొని కూర్చుంటే మాకు ఒక అండ ఉన్నట్లు అనిపించేది. అత్తగారూ ఆవకాయ కథను మా అమ్మ వంటింట్లో నిలబడే చదివి, నన్ను రెండో సంపుటం ఉందేమో కనుక్కొని రమ్మన్నది. అంతకుముందు ఆమె వారపత్రికలు తప్ప పుస్తకం పట్టుకోవడం నేను చూడలేదు.

ఫిబ్రవరి 5వ తేదీ ఈ పట్టికలో నాకు అన్నిటికంటే ఇష్టమైన రోజు. డాక్టర్ గరికపాటి రాజారావు, షేక్ నాజర్ ఇద్దరూ ఆ తేదీనే పుట్టారు. ఒకరు 1915లో, ఇంకొకరు 1920లో. రాజారావు గారు ప్రజల మధ్యకు నాటకాలనూ పాటలనూ తీసుకువెళ్ళిన ప్రజానాట్యమండలి అనే కళాసంస్థను నిలబెట్టిన దర్శకుడు. నాజర్ గారు ఆ మండలి ద్వారానే బుర్రకథను పల్లెల నుంచి పట్టణాల దాకా తీసుకువెళ్ళిన కళాకారుడు. ఆయనది గుంటూరు జిల్లా పొన్నెకల్లు. ఆ రోజున బల్ల మీద సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు కలిసి రాసిన మాభూమి నాటకం, పల్నాటి వీరచరిత్ర, మిక్కిలినేని గారి గ్రంథం ఉండేవి. నాజర్ గారు తన బతుకు కథను అంగడాల వెంకట రమణమూర్తి గారికి చెప్పి రాయించిన పింజారి కూడా అచ్చయిన తరువాత ఆ వరుసలో చేరింది.

పింజారిని నేను ఒక్క ఊపున చదివాను. పేద దూదేకుల ఇంట పుట్టి, ఆకలితో పాట నేర్చుకొని, దొరికిన ప్రతి పనీ చేసి, చివరకు తంబురా భుజాన వేసుకొని వేలమంది ముందు నిలబడిన మనిషి తన మాటల్లో తాను చెప్పుకున్న కథ అది. ఎక్కడా పెద్ద మాటలు లేవు. గుంటూరు పల్లెల మాట, అన్నం గురించిన మాట, తాళం గురించిన మాట మాత్రమే ఉన్నాయి. బుర్రకథలో ముగ్గురు ఉంటారు. మధ్యన తంబురా మీటుతూ, వేలికి తొడిగిన అందెతో తాళం వేస్తూ అడుగు వేసే కథకుడు, అటూ ఇటూ గుమ్మెటలు వాయిస్తూ వంత పాడే ఇద్దరు, వారినే వంతలు అంటారు. ఒక వంత హాస్యం చెబుతాడు, రెండో వంత రాజకీయం చెబుతాడు. ఇది మాకు బడిలో ఎవరూ చెప్పలేదు. మాస్టారు ఆ రోజు సాయంత్రం ముగ్గురు పిల్లలను నిలబెట్టి ఎవరు ఎక్కడ నిలుచోవాలో, కథకుడు ఎప్పుడు వెనక్కి తగ్గి వంతకు మాట ఇవ్వాలో చూపించారు. పత్రికలు చదువుకుంటున్న పెద్దలు కళ్ళజోళ్ళు తీసి చూశారు. వారిలో ఒకరు నాజర్ గారి పల్నాటి యుద్ధం తాను తెనాలి ప్రాంతంలో విన్నానంటూ బాలచంద్రుడు యుద్ధానికి బయలుదేరే ఘట్టాన్ని అందుకున్నారు. 1986లో నాజర్ గారికి పద్మశ్రీ వచ్చిన సంగతి చెబుతూ మాస్టారి గొంతు కాస్త గద్గదమైంది.

ఏప్రిల్ 16వ తేదీని కూడా ఆయన వదిలేవారు కాదు. 1848లో కందుకూరి వీరేశలింగం పంతులు గారు పుట్టిన రోజది. 1880లో తన శిష్యుల చేత వ్యవహార ధర్మబోధిని ఆడించి ఆధునిక తెలుగు నాటక ప్రదర్శనకు దారి తీసినవారు ఆయనే. 1889లో చార్లీ చాప్లిన్ పుట్టింది అదే తేదీన. 1946లో రంగస్థల నటుడు బళ్ళారి రాఘవ కన్నుమూసింది కూడా అదే తేదీన. ముగ్గురి పేర్లూ ఒకే బల్ల మీద ఉంటే వాటిని కలిపేది ఏమిటో మమ్మల్నే వెతుక్కోమనేవారు. వేసవి సెలవులకు ముందు వచ్చే రోజు కనుక, చాప్లిన్ 1964లో అచ్చు వేసిన ఆత్మకథ ఆంగ్ల ప్రతిని ఇంటర్మీడియట్ చదివే అన్నయ్యలు పోటీపడి తీసుకువెళ్ళేవారు. నేను ఆ పుస్తకాన్ని కాలేజీలో చేరాక చదివాను. లండన్ పేదవాడలో పాడుతున్న తల్లి గొంతు పోయినప్పుడు అయిదేళ్ళ పిల్లవాడు వేదిక ఎక్కిన ఘట్టం దగ్గర నాకు పొన్నెకల్లు పిల్లవాడే గుర్తుకు వచ్చాడు.

ఆగస్టు 31న ఆదిభట్ల నారాయణదాసు గారు. 1864లో బొబ్బిలి దగ్గర అజ్జాడలో పుట్టిన హరికథా పితామహుడు. ఆయన ఆత్మకథ నా ఎరుక మాకు అప్పట్లో కొరుకుడు పడలేదు. ఉమర్ ఖయ్యాం రుబాయీలను సంస్కృతంలోకి, అచ్చ తెలుగులోకి మార్చిన పుస్తకం ఇంకా కష్టం. అయినా ఏటా ఆ రెండూ బల్ల మీదికి వచ్చేవి. పిల్లలు చదవలేని పుస్తకాలు ఎందుకని ఎవరో అడిగితే, “ఇప్పుడు అట్ట చూడనివ్వండి, పదేళ్ళకు పేజీ తిప్పుతారు” అన్నారు మాస్టారు. నా ఎరుకను నేను పేజీ తిప్పింది పెళ్ళయి గుంటూరు వెళ్ళిన తరువాత. కాళ్ళకు గజ్జె కట్టి, చేతిలో చిడతలతో, ఒక్కడే నిలబడి రాత్రంతా కథ నడిపిన మనిషి రాసే వాక్యం కూడా అలాగే నడుస్తుంది.

విజయవాడలో ఇలాంటి గ్రంథాలయాధికారి ఉండడం వింతేమీ కాదని ఇప్పుడు అనిపిస్తుంది. రామమోహన గ్రంథాలయం వెలసిన ఊరు ఇది. 1914లో అయ్యంకి వెంకట రమణయ్య గారు ఆంధ్రదేశ గ్రంథాలయాల ప్రతినిధులను పిలిచి సభ జరిపిన ఊరు. పాతూరి నాగభూషణం గారు కాలువ మీద పడవలో పుస్తకాలు వేసుకొని పల్లెలకు తీసుకువెళ్ళినది ఈ కృష్ణా డెల్టాలోనే. పుస్తకం బీరువాలో కూర్చొని పాఠకుడి కోసం ఎదురుచూడకూడదని ఆ పెద్దలు నమ్మారు. మా మాస్టారు ఆ తరంవారి మాటలు వింటూ పెరిగిన మనిషి.

ఆయన పదవీ విరమణ చేసిన తరువాత ఆ బల్ల మీద ఫారాలు, రిజిస్టర్లు చేరాయి. నల్లబల్ల మీద పోటీ పరీక్షల ప్రకటనలు అంటించడం మొదలైంది. ఉద్యోగం కోసం చదువుకునే పిల్లలకు చోటు కావాలి, దానిని నేను తప్పుపట్టను. కానీ ఈనాడు పిల్లలకు ఏ పాట కావాలన్నా క్షణంలో ఫోనులో వినిపిస్తున్నప్పుడు, ఆ పాట వెనుక ఉన్న పుస్తకం చూపించే మనిషి అప్పటికంటే ఇప్పుడే ఎక్కువ అవసరం. తేదీలు అందరికీ తెలిసినవే, పుస్తకాలు బీరువాల్లో ఉన్నవే, కావలసింది ఒక బల్ల మాత్రమే. మా అపార్టుమెంటులో పిల్లలకు నేను ఆ పని చేస్తున్నాను. పోయిన జూలైలో కటపయాది లెక్క చెప్పినప్పుడు ఒక అబ్బాయి తన తల్లి పేరు ఏ రాగమవుతుందని అడిగాడు.

సంవత్సరంలో చివరి బల్ల డిసెంబరు 31వ తేదీది. తెనాలి దగ్గర మోరంపూడిలో పుట్టిన కొంగర జగ్గయ్య గారి పుట్టినరోజు. ఆకాశవాణిలో వార్తలు చదివి, వెండితెర మీద ఆ కంచు కంఠంతో పేరు తెచ్చుకొని, లోక్‌సభకు ఎన్నికై, రవీంద్రుడి గీతాంజలిని రవీంద్రగీతగా తెలుగు చేసిన నటుడు. ఆ మరునాడు, జనవరి 1న, మా ఊళ్ళో పుస్తక ప్రదర్శన మొదలయ్యేది. అది మొదలైన తొలి ఏళ్ళలో మాస్టారు 31వ తేదీ సాయంత్రం రవీంద్రగీత పక్కనే ఒక కాగితం పెట్టేవారు. సంవత్సరమంతా బల్ల మీద నిలబెట్టిన పుస్తకాలలో ఏవి ప్రదర్శనలో కొనుక్కోదగినవో, ఏవి పాత పుస్తకాల వాళ్ళ దగ్గర అడగాలో, ఏవి గ్రంథాలయానికి మరొక ప్రతి కావాలో అందులో ఉండేది. ఇంటి నుంచి ఇచ్చిన డబ్బుతో నేను అక్కడ మొదటిసారి కొనుక్కున్నది అత్తగారి కథలు, ఉదయశ్రీ. అమ్మ కోసం ఒకటి, నా కోసం ఒకటి. అమ్మమ్మకు నటస్థానం దొరుకుతుందేమోనని దుకాణం దుకాణం అడిగాను, దొరకలేదు. ఆ సంగతి చెప్పగానే మాస్టారు రిజిస్టరు తీసి, గ్రంథాలయం ప్రతిని మళ్ళీ అమ్మమ్మ పేరు మీదనే రాశారు.